చెరిపిన కొలత

ఆటల వార్తలు చదువువారికి రికార్డు అనుమాట క్రొత్తది కాదు. ఒకడు ఒక పనిని అంతకుముందెవ్వరును చేయనంత గొప్పగా చేసినచో, ఆ కొలతను వ్రాసి పెట్టుకొందుము. దానిని మించినవాడు వచ్చువరకు అది నిలిచియుండును. పరుగుపందెమున గడియారము సాక్షి; దూకుడుపందెమున కొలబద్ద సాక్షి. ఇంతవరకు చిక్కేమియు లేదు. కాని ఈటె విసరు పందెముయొక్క చరిత్ర చదివినచో, కొలబద్ద సాక్ష్యమొక్కటే చాలదని తెలియును. అక్కడ కొలబద్ద ఎన్నడును మారలేదు. విసరబడు ఈటె మాత్రము పలుమారులు మారినది. 104 మీటర్లు దాటి పోయిన విసురొకటి నేటి రికార్డుల పట్టికలో లేదు. 98 మీటర్ల పైచిలుకు విసురు నేటి ప్రపంచ రికార్డు. 96.96 మీటర్ల విసురొకటి పట్టికలో చేరి, పిమ్మట చెరిపివేయబడినది. మొదటి రెండింటిని గూర్చి నాకు తగవు లేదు. మూడవదానిని గూర్చియే నా వాదము. అయితే దానిని చెప్పుటకు ముందు ఈటె కథ కొంత చెప్పవలసియున్నది.

ఈటె వేటకును యుద్ధమునకును పుట్టినది. దానిని ఆటవస్తువుగా మలచినవారిలో ప్రాచీన గ్రీకులు ముఖ్యులు. వారి ఒలింపిక్ క్రీడలలో ఐదంశముల పందెమున ఈటె విసరుటయు నొకటి. వారు ఈటె నడుమ ఒక తోలుపట్టెను చుట్టి, దాని కొసను వ్రేలికి తగిలించుకొని విసరెడివారు. పట్టె విడివడునపుడు ఈటె తనచుట్టు తాను తిరుగుచు నిలకడగా పోయెడిది. అనగా చేతిబలమునకు ఉపాయమును జోడించుట ఈ ఆటకు మొదటినుండియు ఉన్న లక్షణమే. ఈ సంగతిని మరువరాదు, ముందు అవసరమగును.

నేటి పందెమున పురుషుల ఈటె 800 గ్రాముల బరువు, 2.6 మీటర్లకు తగ్గక 2.7 మీటర్లకు మించక పొడవు ఉండవలెను. స్త్రీల ఈటె బరువు 600 గ్రాములు. విసరువాడు త్రాడు చుట్టిన పిడిని పట్టుకొని, పరుగెత్తి వచ్చి, భుజము మీదుగా విసరవలెను. ముందున్న గీతను దాటరాదు. ఈటె మొన మొదట నేలను తాకవలెను. గ్రుచ్చుకొని నిలువవలెనను నియమము లేదు. మొన తాకినచోటినుండి గీతవరకు కొలుతురు. మేటి వీరుల చేతినుండి ఈటె సెకనుకు సుమారు 30 మీటర్ల వేగముతో బయలుదేరును. మన రోడ్లమీద మోటారుబండ్లు సాధారణముగా పోవు వేగముకంటె ఇది హెచ్చు.

అంతర్జాతీయ సమాఖ్య అంగీకరించిన తొలి ప్రపంచ రికార్డు 1912వ సంవత్సరమున స్వీడను దేశీయుడు ఎరిక్ లెమ్మింగు విసరిన 62.32 మీటర్లు. పిమ్మట ఈ ఆట ఫిన్లాండు దేశమునకు ఇంటి ఆటయైనది. ఆ చిన్న దేశమున ఈటెపై గల మక్కువ మన దేశమున క్రికెట్టుపై గల మక్కువవంటిది. అందు మాట్టి యార్వినెన్ అనువాడు 1930 మొదలు 1936 వరకు ప్రపంచ రికార్డును పదిమారులు సవరించెను. అతడు 1932లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలో 72.71 మీటర్లు విసరి స్వర్ణపతకము పొందెను. తరువాత ఆ దేశీయులు తమ రాజధాని హెల్సింకిలో క్రీడామైదానమును నిర్మించుకొన్నపుడు దాని ప్రక్కన ఒక గోపురము కట్టిరి. దాని ఎత్తు సరిగా 72.71 మీటర్లు! వీరులకు శిలావిగ్రహములు నిలుపుట అంతట ఉన్నదే. ఒక విసురును నిట్టనిలువుగా నిలిపి గోపురము చేసిన ఊహ మాత్రము నాకు మిక్కిలి నచ్చినది.

అప్పటి ఈటెలు కొయ్యతో చేసినవి. 1953వ సంవత్సరమున అమెరికా దేశీయుడు బడ్ హెల్డ్ తొలిసారిగా 80 మీటర్లు దాటి 80.41 మీటర్లు విసరెను. అతని విజయములో సగము పాలు అతని చేతిది, సగము పాలు అతని ఈటెది. అతడును అతని సోదరుడును గాలిలో తేలిపోవు తీరును ఆలోచించి, లోపల బోలుగా, నడుమ కొంచెము లావుగా నుండు క్రొత్త ఈటెను తయారుచేసిరి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నార్వే దేశీయుడు ఎగిల్ డానియెల్సెన్ 85.71 మీటర్లు విసరి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఆ ఉక్కు ఈటె అతనిది కాదు. పోటీలో తనకు ప్రత్యర్థియైన పోలండు వీరుడు యానుష్ శిద్లో ఎరువిచ్చినది. అదివరకటి రికార్డు శిద్లోదే. తన ఈటెతోనే తన రికార్డు పోయినది, తనకు రజతము మిగిలినది. ఇట్టి పెద్దమనసు పతకములకంటె అరుదు. అయినను ఇక్కడ మన ప్రస్తుతాంశము ఈటె మాత్రమే. అది మారినది, దూరమును మారినది, ఎవ్వరును తప్పు పట్టలేదు.

ఆ సంవత్సరముననే మరియొక వింత జరిగినది. స్పెయిను దేశపు బాస్కు ప్రాంతమున ఇనుపకడ్డీని గిరగిర తిరిగి విసరు పాత పల్లెటూరి ఆట ఒకటి కలదు. ఆ ప్రాంతమువాడగు ఫెలిక్స్ ఎరౌస్కిన్ అనువాడు, నలుబదియేండ్లు దాటిన వయసున, ఆ తీరును ఈటెకు పట్టించెను. పరుగునకు బదులు చక్రమువలె తిరుగుచు, చేయి సులువుగా జారుటకు సబ్బు సాయము తీసికొని, ఈటెను విడుచుట. ఈ పద్ధతిలో మిగెల్ దె లా క్వాద్రా సాల్సెదో అను యువకుడు నూరు మీటర్లకు మించి విసరినాడు. కాని తిరుగుచున్నవాని చేతినుండి ఈటె ఏ దిక్కునకు పోవునో చెప్పుట కష్టము. చూచువారికి ప్రాణాపాయము! సమాఖ్య వెంటనే ఆ పద్ధతిని నిషేధించినది. ఈటె విడుచువరకు విసరువాడు వీపును పూర్తిగా ముందువైపునకు త్రిప్పరాదని నియమము నిలిచినది. ఆ విసురులు ఏవియు రికార్డులు కాలేదు. నిషేధము సమంజసమనియే నేనందును. ఆటలో మొదటి ధర్మము, చూడవచ్చినవాడు సుఖముగా ఇంటికి పోవుట.

తరువాతి ముప్పదియేండ్లలో దూరము పెరుగుచునే వచ్చినది. 1964లో నార్వే వాడగు టెర్యే పెడెర్సెన్ 91.72 మీటర్లు విసరి తొంబది మీటర్ల గీతను దాటెను. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో హంగరీ వాడగు మిక్లోష్ నేమెత్ 94.58 మీటర్లు విసరెను. ఇతని తండ్రి ఇమ్రె నేమెత్ 1948లో గుండు విసరు పందెములలో ఒకటియగు హేమర్ త్రోలో ఒలింపిక్ స్వర్ణము పొందినవాడు. ఈ మిక్లోష్ నేమెత్ పేరు గుర్తుంచుకొనుడు. ఇతడు మరల రాగలడు. 1983లో అమెరికా వాడగు టామ్ పెట్రానోఫ్ 99.72 మీటర్ల వరకు పోయెను. నూరునకు జానెడు తక్కువ, అంతే! మరుసటి సంవత్సరము జూలై 20వ తేదీన తూర్పు బెర్లిను నగరమున తూర్పు జర్మనీ దేశీయుడు ఊవె హోన్ 104.80 మీటర్లు విసరెను. మన క్రికెట్టు పిచ్చి పొడవు సుమారు 20 మీటర్లు. అట్టివి ఐదు వరుసగా పరచినను ఆ విసురును అందుకొనలేవు. ఇంతటివాడును ఒలింపిక్ పతకము నెరుగడు. ఆ యేడు లాస్ ఏంజెలిస్ క్రీడలను అతని దేశము బహిష్కరించియుండెను.

ఇప్పుడు సమాఖ్యకు చిక్కు వచ్చినది. క్రీడామైదానములు ఇంత విసురునకు కట్టినవి కావు. ఇంకను కొంచెము పెరిగినచో ఈటె మైదానము దాటి పరుగుబాటలపై పడగలదు. అయితే హోన్ విసురొక్కటియే కారణమనుట సరికాదు. అదివరకే మరియొక తగవు ఉండెను. ఆ కాలపు ఈటెలు గాలిలో గ్రద్దవలె తేలుచు వచ్చి, బల్లపరుపుగా నేలపై వాలెడివి. మొన ముందు తాకినదా, నడుము ముందు తాకినదా అని న్యాయనిర్ణేతలు తల పట్టుకొనెడివారు. ఒకని విసురు చెల్లుటయు చెల్లకుండుటయు ఒకరి కంటిచూపుపై ఆధారపడుట ఆటకు మేలు కాదు.

కావున 1986వ సంవత్సరమునుండి పురుషుల ఈటె రూపమును మార్చిరి. ఈటెను వ్రేలిపై సమముగా నిలుపగల చోటు ఒకటి యుండును కదా, దానినే గరిమనాభి యందురు. ఆ గరిమనాభిని 4 సెంటీమీటర్లు ముందునకు జరిపిరి. తోకవైపు కొంచెము లావు హెచ్చినది, ముందువైపు తగ్గినది. బాణమునకు వెనుక ఈకలు కట్టినచో ఏమగునో ఇక్కడను అదియే జరుగును. గాలి తోకను పైకెత్తును. ముక్కు క్రిందికి వ్రాలును. ఈటె ముందుగానే దిగి నేలలో గ్రుచ్చుకొనును. దూరము సుమారు పదవ వంతు తగ్గినది. తగవులు దాదాపు తీరినవి. క్రొత్త ఈటెతో రికార్డుల లెక్క మరల మొదలుపెట్టిరి. పశ్చిమ జర్మనీ వాడగు క్లౌస్ టాఫెల్‌మయర్ 1986లో విసరిన 85.74 మీటర్లు దానికి తొలి మెట్టు. హోన్ విసురును ఎవ్వరును చెరుపలేదు. పాత ఈటె పట్టికలో, ఇక ఎవ్వరును దాటజాలని చివరి గీతగా, అది భద్రముగా నున్నది. ఇది ధర్మమైన పద్ధతి. నిన్నటివాని ఘనత నిన్నటి పుస్తకమున. నేటివాని ఘనత నేటి పుస్తకమున.

ఇక అసలు సంగతికి వత్తును.

నియమము మారగానే చేతి పనివారి బుద్ధి ఊరకుండునా? పోయిన దూరమును రాబట్టుటకు ఈటెలు చేయువారు ఉపాయములు వెదకిరి. వారిలో ఒకడు, ఇందాక గుర్తుంచుకొనుమన్న మిక్లోష్ నేమెత్. విసరుట మానిన పిమ్మట అతడు ఈటెలు చేయుట చేపట్టెను. ఈటె తోకభాగమును నున్నగా కాక గరుకుగా చేసినచో అచ్చట గాలి పట్టు మారి, ముక్కు వ్రాలుట ఆలస్యమగునని కనుగొనిరి. బరువు నియమము తప్పలేదు, పొడవు నియమము తప్పలేదు, గరిమనాభి చెప్పినచోటనే యున్నది. తోక నున్నగా నుండవలెనను మాట అప్పటికి నిషేధరూపమున రాలేదు. 1990లో చెకోస్లొవాకియా వాడగు యాన్ జెలెజ్నీ, బ్రిటను వాడగు స్టీవ్ బ్యాక్లీ ఇట్టి ఈటెలతో రికార్డులు సవరించిరి, బ్యాక్లీ 90.98 మీటర్లకు చేరెను. 1991లో ఫిన్లాండు వాడగు సెప్పో రాటీ మొదట జపానులో 91.98 మీటర్లు, పిమ్మట జూన్ 2వ తేదీన తన దేశమున పుంకలాయిదున్ అను చిన్న ఊరిలో 96.96 మీటర్లు విసరెను. ఒకేమారు ఐదు మీటర్ల పెరుగుదల! యార్వినెన్ గోపురము కట్టుకొన్న దేశమున ఆ దినము ఎట్టి పండుగయో మనము ఊహించుకొనవచ్చును.

ఆ పండుగ వేసవి దాటలేదు. ఆ సంవత్సరముననే సమాఖ్య గరుకుతోక ఈటెలను నిషేధించినది. అంతటితో ఆగియున్నచో నేనీ వ్యాసము వ్రాయవలసిన పని లేదు. అట్టి ఈటెలతో అంతకుముందు నెలకొల్పిన రికార్డులన్నియు చెల్లవని ప్రకటించినది. జెలెజ్నీది పోయినది, బ్యాక్లీ 90.98 పోయినది, రాటీవి రెండును పోయినవి. బ్యాక్లీయే 1990లో నున్నని ఈటెతో విసరిన 89.58 మీటర్లు మరల ప్రపంచ రికార్డయినది.

ఇది నాకు న్యాయముగా తోచదు. మన పల్లెలలో బిళ్ళంగోడు ఆడు బాలురను చూడుడు. బిళ్ళ పడిన చోటినుండి గుంటవరకు కర్రతో కొలిచి లెక్క కట్టుకొందురు. ఒకడు మొన చెక్కిన క్రొత్తరకపు బిళ్ళను తెచ్చి అందరికంటె దూరము కొట్టినాడనుకొనుడు. మిగిలినవారు గుమిగూడి, రేపటినుండి ఇట్టి బిళ్ళ పనికిరాదు అందురు. వాడు గొణుగుకొన్నను ఒప్పుకొనును. కాని నిన్న నీవు కొట్టిన లెక్కయు లేదు, అన్నచో వాడూరకుండునా? ఊరకుండరాదు కూడ. ఈ పాటి ధర్మము పదియేండ్ల బాలునకు తెలియును. విసరిన దినమున తప్పుకాని పని, ఆ పిమ్మట వచ్చిన శాసనముచేత వెనుకకు పోయి తప్పు కాజాలదు. మన రాజ్యాంగములో 20వ అధికరణము సైతము, చేసిన నాడు నేరము కాని పనికి తరువాత చేసిన చట్టముచేత శిక్ష విధింపరాదనుచున్నది. అది నేరములకు సంబంధించినది, ఇది ఆట, నిజమే. అయినను రెండింటి వెనుకనున్న న్యాయమొక్కటే.

అవతలివారి మాటలో బలము లేదనను. నియమమునకు అక్షరముండును, ఆశయముండును. ఈటె త్వరగా దిగవలెనని 1986లో రూపమును మార్చగా, అక్షరము తప్పకయే ఆశయమును తప్పించుట గరుకుతోకవారు చేసిన పని. అట్టి ఈటె దొరకినవారికి ఒక లాభము, దొరకనివారికి మరొక నష్టము. నున్నని ఈటెతో మిక్కిలి శ్రమపడి 89 మీటర్లు విసరినవాని ప్రక్కన గరుకుతోక 96 మీటర్లను నిలుపుట సమానముల పోలిక కాదు. ఇవన్నియు ఒప్పుకొందును. కాని ఈ మాటలన్నియు ఆ ఈటెను నిషేధించుటకు చాలును. ఆ విసురును చెరుపుటకు చాలవు. ఆశయమును సరిగా అక్షరములలో పెట్టలేకపోయినది నియమము వ్రాసినవారు. ఆ లోపమునకు మూల్యము చెల్లించినది విసరినవాడు. హెల్డ్ సోదరులు బోలు ఈటె చేసినపుడు అది ఉపాయము. నేమెత్ గరుకుతోక చేసినపుడు అది మోసము ఎట్లయినది? గ్రీకుల తోలుపట్టె నాటినుండియు ఈ ఆట ఉపాయముతోనే పెరిగినది కదా.

పోలిక కుదరదన్నచో దానికి మార్గమును సమాఖ్యయే చూపియున్నది. హోన్ విసురునకు వేరు పట్టిక పెట్టలేదా? స్త్రీల విషయమునను అట్లే చేసిరి. తూర్పు జర్మనీ దేశీయురాలు పెట్రా ఫెల్కె 1988లో సరిగా 80.00 మీటర్లు విసరినది. 1999లో స్త్రీల ఈటెను కూడ మార్చిరి. అప్పుడు ఆమె విసురు పాత పట్టికలో గౌరవముగా నిలిచినది. క్రొత్త ఈటెకు క్రొత్త లెక్క మొదలైనది. ఆ క్రొత్త లెక్కలో 2008లో చెక్ దేశీయురాలు బార్బోరా స్పొటాకోవా విసరిన 72.28 మీటర్లు నేటి రికార్డు. యార్వినెన్ గోపురమునకు మూరెడు తక్కువ. 1990, 1991 సంవత్సరముల విసురులకును అట్టి చిన్న పట్టికయొకటి, నాలుగు పంక్తులది, పెట్టుటకు పుస్తకమున చోటు కరవైనదా?

రికార్డు పోయినను రాటీ ఆట మానలేదు. నియమము మారిన తరువాతను 1992లో ఒలింపిక్ రజతమును, 1996లో కాంస్యమును పొందెను. చేతిలో సత్తువ లేక ఈటె గరుకుతో గెలిచినవాడు కాడనుటకు ఇంతకంటె నిదర్శనమేల? అట్లే జెలెజ్నీ. తన రికార్డొకటి చెరిపివేయబడినను, మరల నున్నని ఈటెతోనే 1993లో 95 మీటర్లు దాటి, 1996 మే 25వ తేదీన జర్మనీలోని యేనా నగరమున 98.48 మీటర్లు విసరెను. దానిని ఇంతవరకు ఎవ్వరును మించలేదు. 2020లో జర్మనీ వాడగు యొహానెస్ ఫెట్టర్ 97.76 వరకు వచ్చి, 72 సెంటీమీటర్ల దూరమున ఆగిపోయెను.

ఈ పాత కథలోని ఇద్దరు పెద్దలకు మన దేశముతోడను సంబంధము కలిగినది. హర్యానాలోని ఖంద్రా గ్రామమునకు చెందిన నీరజ్ చోప్రా 2018లో ఆసియా క్రీడలలో స్వర్ణము పొందునాటికి అతనికి గురువు 104.80 మీటర్ల ఊవె హోన్. 2025 మే నెలలో దోహా నగరమున అతడు తొలిసారిగా తొంబది దాటి 90.23 మీటర్లు విసరునాటికి గురువు 98.48 మీటర్ల జెలెజ్నీ. ఆ దినము అతనికి దక్కినది రెండవ స్థానమే. 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో 87.58 మీటర్లకే అతనికి స్వర్ణము దక్కినది. 2024లో పారిస్ క్రీడలలో అంతకంటె దూరము, 89.45 మీటర్లు విసరినను రజతమే. ఆనాడు పాకిస్తాను వాడగు అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు విసరి ఒలింపిక్ రికార్డును సవరించెను. రికార్డు వేరు, గెలుపు వేరు. గెలుపు ఆ దినమున ఎదుటనున్నవారితో తేలిపోవును. రికార్డు పుట్టనివారితోడను పోయినవారితోడను పోటీ. అందుచేతనే దానిని వ్రాయు పుస్తకము నిజాయితీగా నుండవలెనని నా పట్టుదల.

పుంకలాయిదున్ మైదానమున ఆ జూన్ దినమున కొలబద్ద పట్టినవారు 96.96 అని చదివిరి. నేడు ఫిన్లాండు జాతీయ రికార్డుల పట్టిక తెరచినచో ఈటె కెదురుగా కనబడునది 1999లో ఆకి పార్వియాయినెన్ విసరిన 93.09 మీటర్లు.